నెత్తురాగే టైము

ట్యూబు బయటికి గుంజి బల్ల మీద పరిస్తే
పదిహేడు ప్యాచీలు.
సత్తార్ భాయ్ ఒక్కోదాని మీద వేలు పెట్టి చెప్పిండు:
ఇది వడ్ల లారీల నుంచి రాలిన మేకు,
ఇది తుమ్మముల్లు, ఇది గూడ తుమ్మముల్లే,
ఇది నీ తప్పు, గాలి తక్కువుండంగ గుంతల దించినవు.
ఇగ మిగిలినయన్ని పల్లేరుకాయలు.

తిప్పర్తి నుంచి నల్లగొండకు పద్దెనిమిది కిలోమీటర్లు.
ఎనిమిదింటికల్లా దవాఖాన ల్యాబుల ఉండాలె.
పరగడుపున వచ్చినోళ్లు బెంచీ మీద కూసోని
నా సైకిల్ బెల్లు కోసం చెవులేసుకోని ఉంటరు.
ఒకామె మొకం మీదనే అన్నది:
"నీకు పంచరైతే మాకు ఆకలైతది సారూ."

ఆ మాటకే ట్యూబ్‌లెస్.

ఎంతైందో ఇంట్ల చెప్పలే.
సత్తార్ భాయ్ మోటర్‌సైకిళ్లకు శానా ఏసిండు గని
గేర్ల సైకిల్‌కు ఇదే మొదలు.
రిమ్ము చుట్టు టేపు చుట్టిండు,
అంచులకు సబ్బునీళ్లు రాసిండు.
చేతిపంపుతోని కొడితే
గాలి అంచుల పొంటి బుస్సుమని పోయింది,
మూడుసార్లు.
నాలుగోసారి కంప్రెసర్ పైపు పెట్టిండు.
ఠప్. ఠప్.
రోడ్డవతల చాయ్ పోసేటాయన గిలాస వట్టుకోని ఇటు జూసిండు.
"కూసుంది" అన్నడు సత్తార్ భాయ్.
జిల్లేడుపాల లెక్క తెల్లటి మందు పోసి
చక్రాన్ని అటొంపి ఇటొంపి ఊపిండు.
"ఇగ నా దగ్గరికెందుకొస్తవ్ లే."

నా కొలువే పొడుచుడు.
వేలికొసకు సూది గుచ్చి
అరనిమిషానికోపారి కాయితం అద్ది
ఎర్రచుక్క చిన్నగయ్యేది చూస్త.
ఆగినంక టైము రాస్త. రెండున్నర. మూడు.

మొన్న ఇటుకబట్టీ దాటంగనే
ఎనక చక్రం కాడ స్స్, స్స్,
తిరిగినప్పుడల్లా పిక్క మీద తెల్లచుక్క.
దిగలే.
అలవాటు కొద్ది లెక్కవెట్టిన.
పదకొండు చుట్లు.
పన్నెండో చుట్టుకు సప్పుడు లేదు.

మంచిగైంది గదా, మరి.

కని ఇదే బట్టీ కాడ పోయినేడు పంచరైతే
ఒడిశా పిలగాడొకడు నీళ్లిచ్చి
నా సైకిల్ నాకంటే ముందు నూకిండు.
అవతల బత్తాయితోట కావలాయన
నీడకు రమ్మని మంచం వాల్చిండు, బీడీ ఇయ్యవోయిండు.
పదిహేడు ప్యాచీలల్ల పదమూడు మంది పేర్లు తెలుసు నాకు.
ఇప్పుడు బెల్లు కొట్టుకుంట పోత.
వాళ్లు చెయ్యెత్తుతరు, ఎత్తేలోపు నేను మూల తిరుగుత.

పొద్దుగూకినంక సత్తార్ భాయ్ కాడ ఆపిన,
పని లేకున్నా.
నీళ్ల బేసిను బోర్లించి దాని మీద కూసున్నడు.
టైరు మీద వేలితో తడుముకుంట పోయి
ఒక్కకాడ ఆగిండు. పల్లేరుకాయ.
పైకొమ్ములు రెండు రోడ్డుకు అరిగి నున్నగైనయి,
మూడోది లోపల.
గోటితోని పట్టిన.

"పీకకు," అన్నడు. "ఇప్పుడు అదే దాని మూత."