పదకొండో క్లాజు

హల్ నగరంలో, ఆన్‌లేబీ రోడ్డు మీద
చేపల దుకాణం పైన అద్దె గది మాది.
ఆ రోజు వాద్యాలు విప్పలేదు.
బల్ల మీద నాలుగు పొట్లాలు, ఒక పెన్ను,
రోనా వాళ్ళ పిన్ని, ఇళ్ళ అమ్మకాల లాయరు,
ఊరికే రాసిచ్చిన ఏడు పేజీలు.

"స్నేహితుల మధ్య కాగితమెందుకు?" అన్నాడు కల్లమ్.
"స్నేహితులుగా ఉండగానే రాసుకోవాలి," అంది రోనా,
వేళ్ళకంటిన ఉప్పు నాకుతూ.

వ్యాను ఎవరిది? అందరిదీ.
దాని సైలెన్సరు ఖర్చు? అదీ అందరిదే.
పేరు ఎవరిది?
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
ఆ పేరు పెట్టింది డెస్మండ్, తాగిన మత్తులో.
మర్నాడు అతనికే గుర్తులేదు, నాకుంది.
క్లాజులో మాత్రం: "నలుగురి ఉమ్మడి ఆస్తి."

తర్వాత పాటల వాటాలు.
మాట రాసినవాళ్ళకి సగం, వరస కట్టినవాళ్ళకి సగం,
లోకంలో ఇదే రివాజట.
నేను డ్రమ్ములు.
నా రెండు చేతులూ కుడికాలూ
ఏ సగంలోకి వస్తాయో నమూనా పత్రం చెప్పలేదు.
నేనూ అడగలేదు,
బంతి చివర కూర్చున్నది గారె కోసం నోరు తెరవనట్టు.

రోనా పెన్ను లాక్కుంది.
"దీని దెబ్బ తీసేసి ఆ పాట పాడు, చూద్దాం."
పాడాడు కల్లమ్. రెండో చరణంలోనే తూలాడు.
బల్ల మీద నా చూపుడువేలు
నాకు తెలియకుండానే అతన్ని పట్టుకుంది.
వెనిగర్ మరక పక్కన రాసింది రోనా:
నాలుగో వంతు.

పదకొండో క్లాజు దగ్గర మాత్రం నవ్వాం:
"సభ్యులెవరైనా తప్పుకున్నచో పేరు వెంట తీసుకుపోరాదు;
అంతవరకు చేసిన పాటల్లో వాటా చెల్లుచుండును."

తప్పుకున్నది రోనాయే.
మూడో ఏట చెవుల్లో కీచురాయి దూరింది,
మరి పోలేదు.
ముందు పైస్వరాలు పోయాయి, తర్వాత తలుపు గంట.
బేస్ గిటారు పెట్టె దించుకుని
వ్యాను తాళంచెవి నా చేతిలో పెట్టింది.
వ్యానులో తన వాటా నూటెనభై పౌండ్లు,
ముప్పై రోజుల్లో ఇవ్వాలి.
ఇచ్చాం, యాభై రోజులకి.

మూడు నెలలకోసారి లెక్కల కాగితం వస్తుంది.
డబ్బు పంచే పని నాది, ఏడో క్లాజు.
ఎప్పుడూ ఇద్దరి భోజనానికి చాలని మొత్తం.
ఈసారి ఎవరో పెయింటు డబ్బాల ప్రకటనకి
మా పాట వాడుకున్నారు, నాలుగంకెలు వచ్చింది.
కల్లమ్ ఫోను చేశాడు:
"రోనా ఇప్పుడు లేదుగా, మరి..."
ఆ వాక్యాన్ని అక్కడే ఉంచేశాం ఇద్దరం.

చెక్కు పోస్టులో వెయ్యలేక హెస్సిల్ బస్సెక్కాను.
కిటికీ చట్రానికి మోచెయ్యి ఆనించి
అటు తిరిగి కూర్చునుంది.
గాజు మీద కొట్టాను,
ఆ పాట మొదటి నాలుగు దెబ్బలు.
తల తిప్పలేదు.
ఒళ్ళో ఉన్న వేళ్ళు కదిలాయి,
సరిగ్గా తను అందుకోవలసిన ఐదో దెబ్బ దగ్గర.

లోపలికి పిలిచి, టీ పెట్టకముందే,
రసీదు రాసిచ్చింది.