కింది హద్దు

ఇరవై రెండేళ్ళుగా భీమిలిలో
రిజిస్ట్రారాఫీసు ఎదురు అరుగు మీద
దస్తావేజులు రాస్తున్నాను.
తూర్పు: సముద్రపు పోరంబోకు. దక్షిణం: గెడ్డ.
పడమర: సీరపు వారి జీడితోట. ఉత్తరం: డొంక.
నా చేతి మీదుగా ఎంత నేల పోయిందో
నా కాలికి తెలీదు.

అందుకే ఒక ఆదివారం
బోర్లు వేసే అప్పలకొండ వెంట
ఎర్రమట్టి దిబ్బల్లోకి దిగాను.

జీడిచెట్లూ సరుగుళ్ళూ దాటగానే
నేల ఉన్నట్టుండి నోరు తెరిచింది.
వానలు కోసుకుంటూ పోయిన గండి,
మనిషి ఎత్తు, ముగ్గురి ఎత్తు, ఆపైన తాటిచెట్టంత.
గోడకి ఆనిస్తే అరచెయ్యంతా జాజు.
"ఇది మట్టి కాదండి, ఇసక,"
చిటికెడు నాలిక మీద వేసుకుని అన్నాడు,
"తుప్పట్టిన ఇసక."

పడమటి కొండ చూపించాడు.
ఆ రాతిలో ఎర్రెర్రని గింజలుంటాయి, గోటికి రావు.
కొండ అరిగి గెడ్డలో పడి
గెడ్డ సముద్రంలో పడి
సముద్రం నమిలి నమిలి ఒడ్డుకి ఉమ్మేసి
తనేమో ఆమడ దూరం వెనక్కి నడిచి వెళ్తే
ఆరిన ఇసకని గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది.
"పద్దెనిమిది వేల యేళ్ళో, ఇరవయ్యో.
కాలేజీ పిల్లల్ని తెచ్చిన మేష్టారు సెప్పినారు.
ఆయనికీ లెక్క సరీగా వొచ్చినట్టు నేదు."

గోడలో తెల్లటి గొట్టాలు పొడుచుకొచ్చాయి.
ఎముకలనుకున్నాను. వేర్లట.
చెట్టు పోయింది, వేరూ పోయింది,
వేరు తాగిన నీటిలోని సున్నం మాత్రం
వేరు ఆకారంలోనే నిలబడింది.

ఆ పక్కన ఒక రాతి పెచ్చు దొరికింది.
అంచు ఇంకా వేలు కోస్తుంది.
ఎవరో కూర్చుని చెక్కారు, ఎవరికోసమో.
జేబులో వేసుకోబోయి
ఎందుకో ఉన్నచోటే పెట్టేశాను.

గట్టెక్కితే దక్షిణాన బావికొండ.
భిక్షువులు రాయి తొలిచి వాననీళ్ళు దాచుకున్నారు.
ఉత్తరాన ఊళ్ళో వలందుల సమాధులు,
తేమకి అక్షరాలు ఊడిపోతూ.
ఇక్కడ నా కాలి దగ్గర
ప్లాటు నంబరు నలభై ఒకటి అని తెల్లరంగు రాయి.
అదీ ఒక పొరే.
గాలి కాదు, ట్రాక్టరు పోసింది.

"ఈ లేవుటుకి బోరు నేనే ఏసినాను.
ఎర్రది పోనాది, పసుపుది పోనాది.
ఎనబై అడుగులకి గుల్లలొచ్చినాయి, సముద్రం గుల్లలు.
మిసను ఆపీసినాను."
కాసేపు ఊరుకున్నాడు.
"సముద్రం యెల్లిపోనేదు బాబూ.
కింద తొంగున్నాది."

సాయంత్రం ఒడ్డుకి చేరాం.
అల వెనక్కి లాగిన చోట
ఇసక మీద నల్లగా, మధ్యమధ్య ఎర్రగా చారలు.
కొండలోని గింజలే.
మళ్ళీ బయల్దేరుతున్నాయి.
చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం,
అప్పలకొండ బీడీ వెలిగించడానికి
గాలికి నన్ను అడ్డం పెట్టుకున్నాడు.

సోమవారం పదిగంటలకి గనగళ్ళ పోలమ్మ వచ్చింది.
ఐదు సెంట్లు అమ్ముతోంది.
నాలుగు హద్దులూ గబగబా రాశాను.
తర్వాత చెయ్యి దానంతటదే పోయే వాక్యం:
నిధి నిక్షేప జల తరు పాషాణ...
వేలసార్లు రాశాను, మంత్రం గొణిగినట్టు.
'జల' దగ్గర కలం ఆగింది.

"నుయ్యి ఉందా అందులో?"
"ఉండీదండి. మా మాంగారు తవ్వించినాడు.
ఉప్పయిపోతే కప్పెట్టీసినాం."

కొనేవాడు గడియారం చూసుకున్నాడు.
పూడ్చిన నూతితో సహా అని రాశాను.
అక్కర్లేదన్నాడు. కొట్టేయలేదు నేను.

వేలిముద్రకి పోలమ్మ చెయ్యి చాపింది.
సిరా నీలమే.
గోటి కింద మాత్రం
ఎర్రగా, సన్నగా, కడిగినా పోని గీత.