పుట్టకు దగ్గరగా, పీతకు దూరంగా

నా ఉద్యోగానికి తెలుగులో పేరు లేదు.
శని ఆదివారాలకు అడవిని అద్దెకిచ్చే కంపెనీకి
గుడారాలు ఎక్కడ వేయాలో చూసి చెబుతాను.
మద్రాసుకి దక్షిణాన, గంటన్నర దూరంలో,
చెరువూ కాదు చేనూ కాదు అన్నట్టుండే బాడవలు.
మోకాలి లోతు నీళ్లలో కణప చెట్లు,
ఒడ్డంతా జమ్ము, తుంగ,
ఫిబ్రవరిలోనే చొక్కా వీపుకి అంటుకుపోయే ఉక్క.

మా లోకనాథం గారికి కావలసినవి ఎక్కువేం కాదు.
మంచం మీంచి కలువలు కనబడాలి,
కారు గుడారం దాకా రావాలి,
ఫోనుకి సిగ్నల్ ఉండాలి,
లేదని చెప్పుకునే వీలూ ఉండాలి.

టేపు, లెవెలు, రంగు జెండాలు నా సంచిలో.
దారి చూపే కన్నియమ్మ చేతిలో గడ్డపలుగొకటే.
ఇరుళ మనిషి.
నా అరవం వింటే పడీపడీ నవ్వుతుంది,
నేల సంగతి వస్తే మాత్రం నవ్వదు.

మొదటి చోటు చదునుగా, ఎవరో అలికినట్టుంది.
ఎదురుగా కలువలు.
జెండా పాతబోయాను.
"ఇంత నున్నగా ఎవరు చేశారనుకున్నావు?" అంది.
"నీళ్లే. ఏటా వచ్చి ఇక్కడే పడుకుంటాయి.
వాటి పడక మీద నీ పడక వేస్తావా?"

తరవాత ఒక పెద్ద చెట్టు, చిక్కటి నీడ.
ఆమె తలెత్తి చూసింది, నేను తల దించి చూశాను.
కిందంతా సున్నం కొట్టినట్టు కొంగల రెట్ట.
"తెల్లారేసరికి మీవాళ్లు
మంచు కురిసిందనుకుంటారు."

ఇంకోచోట నేలంతా బొక్కలు.
పలుగుతో ఒక్క పోటు పొడిచింది.
జానెడు లోతులో నీరు కన్ను తెరిచింది.
"పీత ఇల్లు కడితే కింద తడి ఉన్నట్టు,
చెదలు కడితే లేనట్టు.
మనుషులు కట్టినదాన్ని బట్టి మాత్రం ఏమీ చెప్పలేం."

పొద్దు వాలాక దొరికింది:
ఈత చెట్ల వెనక చిన్న మిట్ట,
నడుమెత్తు పుట్ట,
దోమల్ని తోసేసే పాటి గాలి.
"పుట్టలో పాముంటుందేమో?"
"ఉంటుంది. దానికీ పొడి చోటే కావాలిగా."
ఆకుపచ్చ జెండా అక్కడే పాతాను.

లోకనాథం గారు ఫోటోలు వేలితో జరిపి
"కలువలేవి?" అన్నారు.
మొదటి చోటే ఖాయమైంది.
చెక్క అరుగులు, ఏసీ గుడారాలు ఎనిమిది,
రాత్రికి తొమ్మిది వేలు, టిఫిను కలిపి.
కన్నియమ్మకి ఆ రోజు కూలి ఆరు వందలు.
నేను సంతకం పెట్టాను.
ఆ మాట దాచుకోను.

రాత్రి వేళచ్చేరిలో బస్సు దిగి
మా వీధిలోకి తిరిగాను.
అపార్టుమెంటు పేరు లేక్ వ్యూ.
లేకూ లేదు, వ్యూ అంటే ఎదురింటి వంటగది.
పెద్ద వరదొచ్చిన డిసెంబరులో
డాబా మీద నీలం టార్పాలిన్ కట్టుకుని
నాలుగు రాత్రులు పడుకున్నాం, ముప్పై ఆరు మందిమి.
దాన్ని క్యాంపింగ్ అనాలని అప్పటికి తెలీదు.
మూడో రాత్రి గుణవతి ఆంటీ
ఒకే పాల ప్యాకెట్టుతో అందరికీ టీ పెట్టింది.

లిఫ్టు పక్కన,
ఇన్నోవా టైరుకీ గోడకీ మధ్య
ఏదో గీరుతున్న చప్పుడు.
ఫోను వెలుగు వేశాను.
పీత.
అరచేతంత, బురద రంగుది,
ఒక డెక్క పైకెత్తి
'నువ్వెవరు' అన్నట్టు నిలబడింది.

జానెడు లోతు. గడ్డపలుగు. నీటి కన్ను.
ఇక్కడ నా దగ్గర ఏ రంగు జెండా ఉంది?

చేటలోకి ఎక్కించి బయటికి తెచ్చాను.
బాడవ ఎటువైపో తెలియలేదు.
పళ్ళికరణై వైపు గోడ, గోడ వెనక షోరూము,
దాని వెనక ఇంకో లేక్ వ్యూ.
వాచ్‌మన్ సెంగేణి లేచొచ్చి
"కింద పెట్టండమ్మా, దానికి తెలుసు" అన్నాడు.

పెట్టాను.
అది గేటు వైపు పోలేదు.
అడ్డంగా, తాపీగా,
మళ్లీ పార్కింగులోకే,
జనరేటరు గది మూలకి,
అద్దెకిచ్చిన ఇల్లు చూసుకోవడానికి వచ్చిన
ఓనరులా నడిచి వెళ్లింది.