ఎనిమిదో గడి

ఫారంలో ఎనిమిదో గడి పేరు భూస్వరూపం.
జిల్లా నుంచి వచ్చిన జియాలజీ ఆయన
కణేకల్లు బస్టాండులో టీ తాగుతా చెప్పినాడు:
"జియోమార్ఫాలజీ అంటారప్పా దీన్ని.
గ్రీకోళ్ళ మాట. ఇప్పితే మూడు ముక్కలు.
నేల. రూపం. పలుకు."
గ్లాసు కింద పెట్టి, జీపెక్కి, రాయదుర్గం రోడ్డు పట్టినాడు.
మూడు ముక్కలూ నా చేతిలో మిగిలినాయి
కండక్టరిచ్చిన చిల్లర మాదిరి.

నేను గ్రామ సర్వేయర్ని.
గొలుసు తెలుసు, లింకులు తెలుసు,
ఇప్పుడు రోవరని ఒక కర్ర, ఆకాశంతో మాట్లాడి
నువ్వు యాడుండావో చెప్తుంది.
ఎట్లుంది అని మాత్రం
ఇంతవరకూ ఏ కాగితమూ అడగలేదు.

మా వాడుకలో స్వరూపం వేరే.
అప్పు తీసుకున్నోడిది వాయిదా నాడు బయటపడేది,
పెండ్లయిన ఆర్నెల్లకు కనపడేది.
"వాని స్వరూపం నాకు తెలీదా" అన్నారంటే
ఆ మనిషి ఇంక ఆ గడప తొక్కడు.

సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై రెండు.
పట్టాదారు తిప్పమ్మ, భర్త లేటు వన్నూరప్ప.
మూడెకరాల ఇరవై సెంట్లు, మెట్ట.
అడంగల్లో జొన్న.
పోయి చూస్తే ఇసుక.

హగరి ఎండి పడుకున్న ఏరు.
నీళ్ళు రాలేదని ఏరు ఊరికే ఉంటుందా!
ఆషాఢంలో పడమటి గాలి లేస్తే
ఇసుకే వరదై గట్టు దాటుతుంది,
గింజ ఎగిరి, పడి, ఇంకో గింజను లేపి.
గాలి వచ్చే వైపు నిదానమైన వాలు,
అవతల నిట్టనిలువు,
చేట అంచు మాదిరి.
పుస్తకంలో దీనికి ఇంకేదో పేరుంటుంది.
ఇక్కడ తిప్ప.

"నా పేరే పెట్నారు సామీ దానికి," నవ్వింది తిప్పమ్మ.
"పోయిన యాడాది ఎర్రిస్వామి చేని కాడుండె.
నా పెండ్లినాటికి ఏట్లోనే ఉండె, బుద్ధిగా.
నడుస్తాది. రాత్రిపూట చెవి పెడితే
బియ్యం జల్లించినట్టు సరసరా అంటాది."

హద్దురాయి యాడమ్మా అంటే
కాలితో గీరింది. లేదు.
నాలుగడుగులు పక్కకు. లేదు.
కొంగు నడుముకు దోపి, మోకాళ్ళ మీద కూలబడి
రెండు చేతులా తవ్వింది.
నేనూ తవ్వినా.
మోచేతి లోతున రాతి నెత్తి,
దాని మీద ఎవరో తాతలనాటి సర్వేయరు చెక్కిన బాణం.
రోవరూ అక్కడే అనింది,
రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ.

నేల యాడికీ పోలేదు.
రూపం పోయింది.

ట్యాబులో నాలుగు మాటలిచ్చినారు, ఒకటి నొక్కాలంట:
కొండ. లోయ. మైదానం. పీఠభూమి.
ఈమెను అడిగితే ఇంకో ఇరవై చెప్తుంది,
గరుసు, సవుడు, దిన్నె, వంక మొగ,
ఎద్దు కాలు దిగబడే చోటు,
మబ్బు చూసినా తడవని చోటు.
వాటికి గడి లేదు.
తేదీకీ లేదు.
ఏ నెల రూపం అడుగుతున్నారో ఎవరూ చెప్పలేదు.
పెన్సిలుతో పక్కన రాసినా:
'తిప్ప. జులై పదకొండు నాటికి.'

"ఆ గడిలో నా జొన్న కూడా రాసుకో సామీ,
నాలుగు పుట్ల జొన్న కింద ఉంది," అనింది.
పంట నష్టం వేరే ఫారం, దానికి వేరే ఆఫీసు.
నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

రాత్రి అన్నం తింటుంటే పంటి కింద కరకరమనింది.
"పలుకైందా అన్నం?" మా ఇంటామె కుండలోకి చూసింది.
వేలి కొసన పెట్టుకొని దీపం కాడికి తెచ్చినా.
తెల్లగా, గాజుముక్క మాదిరి, ఆవగింజలో సగం.
ముప్పై కిలోమీటర్లు బండి మీద
నా చొక్కా మడతలో కూర్చొని వచ్చినట్టుంది.

మూడో ముక్క.
పలుకే, అన్నా.