జీడిసొన

కాశీబుగ్గలో నా సెల్‌ షాపు కౌంటరు మీద
ఫోను పెట్టి గొంతు తగ్గించింది దాలమ్మ:
"కూలి పడ్డ మెసేజి నాకన్నా ముందు
మా మావ సూసేస్తన్నాడు.
నా ఏలుకి తప్ప తెరుసుకోకుండా తాళమెయ్యి బాబూ."

బొటనవేలు ఆనించింది.
మళ్లీ ఆనించమంది తెర.
కొంగుకి రుద్దుకుని మళ్లీ.
చూపుడువేలు. ఎడమచెయ్యి.
పదీ అయిపోయాయి.

పద్దెనిమిదేళ్ల జీడిసొన
గీతలన్నీ తినేసింది.
"రేషను మిషనూ అంతే,
నాను నాను కాదంతాది."

నాలుగంకెలు నొక్కమని
మొహం అటు తిప్పుకున్నాను.
కొంగుచాటున నొక్కింది.
"ఏటెట్టానో అడగవేటి?"
"అడక్కూడదమ్మా."
అప్పుడు నవ్వింది.

రాత్రి షట్టరు దించి
జేబులోంచి నా ఫోను తీశాను.
ముట్టుకోగానే తెరుచుకుంది.

ఇంత తేలికా.