ఆరు, ఇంకొకటి

ఆదోని మార్కెట్ యార్డులో ముప్పయ్యొక్క ఏండ్లు
పత్తి బోరాలకు కొక్కెం వేసి లాగినోణ్ణి.
ఈ సన్న కొక్కెం సూది
మొదట్లో నా వేళ్ళ మధ్య నిలబడలే,
చేపపిల్ల మాదిరి జారిపాయ.

నడుంలో డిస్కు జారినాక
డాక్టరు చెప్పింది ఒక్కటే మాట: ఎత్తొద్దు.
ఎత్తనోడు యార్డులో ఎందుకు?
గోడకు ఒరిగి కూచోనుంటే
పక్కింటి ఖైరూన్‌బీ వాకిట్లో అల్లుకుంటా ఉండె
టీవీ మీద కప్పే పూలగుడ్డ.

ఆ దినమే సుంకులమ్మ సంతకు పోయి వస్తాంటే
ప్లాస్టిక్ కవరు తెగి
టమాటాలన్నీ రైల్వే గేటు కాడ
పట్టాల దిక్కు దొర్లినాయంట.
మూడు కిలోలు. సగం మేకలు తినె.
ఆమె నవ్వుతానే చెప్పె గానీ
నాకు సిగ్గాయ.
ఊరంతటి పత్తి మోసినోని ఇంట్లో
మూడు కిలోలు మోసే నూలుపోగు లేదు.

"నాకూ నేర్పక్కా" అంటే
ఖైరూన్‌బీ నా చేతులు చూసె, సూదిని చూసె.
"పూలు నీతో కావు గానీ
సంచి అయితాదిలే ఉరుకుందూ" అనె.

కోరా రంగు నూలు, రెండు పోగులు కలిపి.
మొదట గొలుసు, ముప్పై కండ్లు.
"లాభం" అన్నా నేను మొదటి కంటికి.
యార్డులో ఒకటి అనం. లాభం, రెండు, మూడు...
మా మేస్త్రి ఏడు కూడా అనడు, ఏడుపొస్తాదని.
"ఆరు, ఇంకొకటి" అంటాడు.
ఆమె పకపకా నవ్వె.

అడుగు కోడిగుడ్డు ఆకారం.
గొలుసుకు ఒక పక్క పోయి
కొసన ఒకే కంట్లో మూడు మార్లు గుచ్చి
రెండో పక్క తిరిగి రావాల.
కొసన మూడు మరిస్తే
మాడిన దోసె అంచు మాదిరి లేస్తాది.
మరిచినా. రెండు మార్లు.
విప్పితే నూలుకేం నొప్పి లేదు,
నాకే.

"బిగిచ్చు, ఇంకా బిగిచ్చు" అంటాది ఆమె,
"కంట్లో కందిబేడ దూరకూడదు."

పన్నెండో దినం సంచి ఆయ.
పక్కలకు రెండు పిడులు కుట్టి
ఐదు కిలోల తూకపు గుండు పెట్టి లేపిస్తే
అడుగు నిలిచె, పక్కలు నిలిచె,
పిడి మాత్రం సాగీ సాగీ
సుంకులమ్మ మోకాలు దాటె.
"ఉయ్యాల కట్టుకోవచ్చు" అనె ఆమె.

రాత్రి నిద్ర పట్టలే.
గోడకు నా పాత ఇనప కొక్కెం,
పిడి నా చెమటకే నల్లబడి ఉండాది.
దాన్నే చూస్తా ఉంటే తోచె:
బేలును పక్కన పట్టుకొని ఎవడన్నా లేపుతాడా?
తాడు కిందికి పోవాల.
కింద నుంచి వచ్చి, పైకెక్కి, భుజం దాటి
మళ్ళీ కిందికే పోవాల.

తెల్లారి పిడులు విప్పేసినా.
ఒకటే పట్టీ, నాలుగు వేళ్ళ వెడల్పు,
అడుగు కింద రెండు మార్లు సాగి
తన కొసను తానే కలుసుకొనేటట్ల కుట్టినా.
ఖైరూన్‌బీ తిరగేసి చూసె, మళ్ళీ తిరగేసె.
"నలభై ఏండ్లు అల్లినా,
ఈ మాట నాకెవురూ చెప్పలే" అనె.
నాకు మాత్రం ఎవురు చెప్పినారు?
ఇరిగిన నడుమే.

ఆదివారం సుంకులమ్మ సంత నుంచి వచ్చె.
టమాటాలు, కొర్రలు, ఒక గుమ్మడికాయ.
అందుకుందామని లేస్తే
"నిన్ను ఎత్తొద్దన్నారు" అని
సంచిని అవతలి భుజానికి మార్చుకొనె.

సరుకంతా తీసినాక చూస్తే
అడుగున ఒక కుట్టులో
పత్తిగింజ పొట్టు, చీమ తలకాయంత.
ఏ బోరాలో వచ్చిందో,
నేను మోసిందో, ఇంకోడు మోసిందో.
గిల్లి తీద్దామని సూది పట్టుకొని
తీయలే.

గోడ అవతల ఖైరూన్‌బీ
కొత్త కండె విప్పినట్టుండాది.
లాభం, రెండు, మూడు,
నాలుగు, ఐదు,
ఆరు,
ఇంకొకటి.