గడె

ఆటోనగర్‌ల, డెంటింగు షెడ్డుకూ టైర్ల గుట్టకూ నడుమ
ఓదెలన్న ఇండ్లు కడుతడు, చక్రాల మీద.
పాత టెంపో పొట్ట కోసి
లోపల ఒక మంచం, ఒక పొయ్యి, ఇంత కిటికీ.
ఫోటోలు తీసుడు, వాటి కింద
నాలుగు మాటలు రాసి ఫోన్ల పెట్టుడు నా పని.
నెలకు ఎనిమిది వేలు, పొద్దుగాల చాయ్.

మొదటి నెల ఆయన చెప్పిందే రాసిన.
విలాసం! విహారం! త్వరపడండి!
యాడిదో మంచుకొండ తెచ్చి
మా బండి వెనక అతికించిన.
కొండ కింద హన్మకొండ నంబరు ప్లేటు.
పదకొండు మంది మెచ్చిండ్రు,
అందుల తొమ్మిది మంది ఓదెలన్న చుట్టాలు.
ఒకాయన మాత్రం
మీ కాడ వెల్డింగు పని ఉన్నదా అని అడిగిండు.

రెండో నెల కొలతలు రాసిన.
అడుగులు, అంగుళాలు, లీటర్లు, బ్యాటరీ.
రాస్తుంటే నాకే నిద్రొచ్చింది.

ఇగ అమ్ముడుపోని బండిల మేమే మేడారం పోయినం.
పద్నాలుగు మందిమి, రెండు కోళ్ళు,
నిలువెత్తు బంగారం.
తాడ్వాయి దాటినంక దారి గడ్డకట్టింది.
ముందర ట్రాక్టర్లు, వెనక ట్రాక్టర్లు,
నడుమ దుమ్ము.
ఓదెలన్న మేనత్త కనకవ్వ
బండి గోడ నిమిరి నిమిరి అన్నది:
"మా అవ్వగారింట్ల కచ్చురం ఉండె బిడ్డా,
మీద తడిక, లోపల గడ్డి, గడ్డి మీద బొంత.
గిదీ గదే.
గడ్డి లేదు, ఎద్దులు లేవు, అంతే."

గంటకు నా చెవి దగ్గరకొచ్చి, మెల్లగ:
"పొద్దటి సంది నీళ్ళు ముట్టలే.
తాగితె దిగాలె.
దిగితె యాడికి పోవాలె?"

అప్పుడు చూసిన చుట్టూ.
ప్రతి ట్రాక్టరు మీద ఆడోళ్ళు,
పెదవులు ఎండి,
మూత తియ్యని సీసాలు ఒళ్ళె పెట్టుకొని.

మా బండి వెనక మూలకు
మూడడుగుల గది ఉన్నది.
కొలతల్ల దాన్ని ఆఖరి వరుసల రాసిన,
చిన్న అచ్చరాలల్ల,
తప్పు చేసినట్టు.

చూపించిన. పోయింది.
లోపట గడె పడ్డ చప్పుడు.
బయటికొచ్చి చెంబెడు నీళ్ళు గటగట తాగింది.
ఇంకో చెంబు.
పక్క ట్రాక్టరామె కండ్లతోనే అడిగింది.
ఆమె వెనక ఆమె బిడ్డ,
ఆ వెనక ఎవరెవరో, లెక్కపెట్టలే.
ట్యాంకు ఒడిసింది.
ఓదెలన్న బోరింగు కాడికెళ్ళి బిందెలు మోసిండు,
నన్ను తిట్టుకుంట.

వచ్చినంక గదే రాసిన.
కొండ లేదు, పొద్దుగూకుడు లేదు.
కనకవ్వ మొఖం కూడ లేదు, వద్దన్నది.
ఉత్త తలుపు, తలుపుకు గడె.
కింద ఒక్క ముక్క:
దారి పొడుగూతా నీళ్ళు తాగొచ్చు.

ఓదెలన్న మొఖం మాడ్చిండు.
"లచ్చల బండిని దొడ్డి పేరు మీద అమ్ముతవా?
ఇజ్జత్ తీసినవ్ గదనే! తీసెయ్."
చాయ్ తాగినంక తీస్త అన్న.
ఆ పూట నా చాయ్ శానసేపు చల్లారలే.

పరకాల నుంచి ఫోను. కోరుట్ల నుంచి.
భూపాలపల్లిల బొగ్గు బాయి ఇంజనీరు భార్య.
అందరు ఆడోళ్ళే,
అందరివీ గుసగుసలే.
మంచం మెత్తగుంటదా అని ఒక్కరు అడగలే.

కొన్నరా అంటే, లేదు.
కిరాయికి పోతున్నది బండి,
పెండ్లిండ్లకు, దవాఖానలకు,
ఒకసారి కాళేశ్వరం, బూడిద కలిపేటందుకు.
ఆయనకు అసలు పైసలు ఎల్లినయో లేదో
నాకు తెల్వదు. చెప్పడు.

నిన్న రాత్రి పదకొండుకు
జమ్మికుంట నుంచి ఒక గొంతు:
"గడె లోపట నుంచేనా?"
లోపట నుంచే, అక్కా.
"గట్టిదేనా?"
గట్టిదే.
రేటు అడగకనే పెట్టేసింది.

పొద్దుగాల పోయి చూస్తే
ఓదెలన్న కొత్త బండిల కూసున్నడు.
మంచం లేదు, పొయ్యి లేదు ఇంకా.
వెనక మూలకు తలుపు నిలబెట్టి
ఇత్తడి గడె బిగిస్తున్నడు,
నోట్ల మొలలు పట్టుకొని.
నేను ఫోన్ తీసిన.
మొలలు ఉమ్మి అన్నడు,
"జరాగు. రంగు ఎయ్యలే."